అప్పు తీర్చుటయందు పదిమంది తోడు



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు ఒకదానికొకటి చేరువనే యున్నను వాటి నేలలు వేరు, పైరులు వేరు. ప్రొద్దుటూరు దిక్కున కె.సి. కాలువ క్రింద వరియు, పసుపును పండును. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగయు, జొన్నయు పండును. పులివెందుల దిక్కున వేరుశనగ చేలును, చీనీతోటలును, అరటితోటలును గలవు. ఇన్ని భేదములున్నను మూడుచోట్ల రైతులకును సామాన్యమైనది ఒకటి కలదు. అది అప్పు. ఒకరికి బోరు వేయించుటవలన, ఒకరికి వాన తప్పుటవలన, ఒకరికి వైద్యమువలన, మరియొకరికి వివాహమువలన అప్పు వచ్చినది. వచ్చిన దారులు పెక్కు. పోవు దారి మాత్రము చాలమందికి కానవచ్చుట లేదు.

అప్పు తీసికొను విధము మనకెవ్వరును నేర్పనక్కఱలేదు. తీర్చు విధమే ఈ మాసపు పాఠము. ఇందలి ముఖ్యాంశమును మొదటనే చెప్పుచున్నాము. అప్పును మనుష్యుడు ఒంటరిగా చేయును, ఒంటరిగా దాచును. తీర్చుట మాత్రము ఒంటరిగా సాధ్యమగుట అరుదు. పదిమంది తోడు కావలెను. అయితే తోడనగా మరియొకరి డబ్బు మాత్రమే కాదు. ఆ సంగతియే క్రమముగా చూతము.

1. దాచిన అప్పు పెరుగును

మన పల్లెలలో ప్రోనోటుమీద అప్పు సాధారణముగా నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి దొరకును. రెండు రూపాయలే గదా యని తోచును. ఏడాదికది నూటికి 24 రూపాయలు. ప్రోనోటుపై దావా వేయుటకు చట్టము మూడేండ్ల గడువు నిచ్చినది. కావున మూడేండ్లు నిండక మునుపే ఋణదాత వచ్చి నోటు తిరిగి వ్రాయుమని యడుగును. చేతిలో డబ్బులేని రైతు అసలునకు వడ్డీ కలిపి క్రొత్తనోటు వ్రాసి యిచ్చును. ఆనాటినుండి వడ్డీయును అసలై, దానిమీదను వడ్డీ నడచును.

లెక్క చూడుడు. ఒక రైతు 1,00,000 రూపాయలు తీసికొనెను. మూడేండ్ల వడ్డీ 72,000. తిరిగి వ్రాసిన నోటు 1,72,000. మరి మూడేండ్లకు వడ్డీ 1,23,840. అప్పటి నోటు 2,95,840. ఇంకొక మూడేండ్లకు బాకీ 5,08,844 రూపాయలు. తొమ్మిదేండ్లలో క్రొత్తగా ఒక్క రూపాయియైన చేతికి రాలేదు, అయినను లక్ష అయిదు లక్షలు దాటినది. బోరులో నీరు పడకపోయినచో ఆ నష్టము ఒక్కసారితో ముగియును. నోటు తిరిగి వ్రాయుటవలని నష్టము మూడేండ్ల కొకసారి వచ్చుచునేయుండును.

ఈ నష్టమంతయు రహస్యమునందు జరుగును. భార్యకు తెలియదు, అన్నదమ్ములకు తెలియదు, సంఘమునకు తెలియదు. ఒక ఋణదాతకు తెలియకుండ మరియొకనియొద్ద తెచ్చి మొదటివాని వడ్డీ కట్టుదురు. గుంట పూడ్చుటకు ప్రక్కనే గుంట త్రవ్వినట్లుండును. అందుచే మొదటి పని డబ్బు వెదకుట కాదు. అప్పులన్నియు ఒక కాగితముమీద వ్రాసి, నమ్మకమైన ఇద్దరు ముగ్గురు మనుష్యులయెదుట పెట్టుటయే మొదటి పని.

ఆ కాగితములో అయిదు అంశము లుండవలెను: ఎవరికి, అసలెంత, వడ్డీ యెంత, ఏమి తాకట్టు, ఎప్పటి గడువు. బంధువుల చేబదులు, ఎరువుల అంగడి బాకీ, మండీలో తీసికొన్న అడ్వాన్సు, ఇంటివారి నగలమీది అప్పు, చీటీ బాకీ—ఏదియు విడువరాదు. ఇంటి ఇల్లాలు తప్పక అచ్చటనుండవలెను. ఏలయన, సంసారపు ఖర్చు తగ్గించునది ఆమె. పొదుపు సంఘమున కంతు కట్టునది ఆమె. తెలియని అప్పును తీర్చుటకు ఎవరును సాయపడలేరు.

2. తోడు అనగా నేమి?

ఈ విషయమున ఒక పాతచరిత్ర మనకు పాఠము. జర్మనీ దేశమున రైఫైజన్ అను నాతడు పల్లెలకు అధికారిగా నుండెను. 1846–47 చలికాలమున కరవు రాగా ధనికులవలన చందాలు పోగుచేసి బీదలకు రొట్టెలు సమకూర్చెను. పిమ్మట రైతులు వడ్డీవ్యాపారుల చేతులలో చిక్కుట చూచి, ధనికుల పూచీతోనే ఋణములిప్పించెను. కాని ధనికుల ఉత్సాహము నిలువలేదు. పలుయేండ్ల అనుభవము పిమ్మట 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అను పల్లెలో వేరువిధమగు సంఘమును స్థాపించెను. అప్పు కావలసినవారే అందు సభ్యులు. ఒకరి బాకీకి అందరును బాధ్యులు. ఒక గ్రామపు హద్దులోనివారు గనుక ఎవడు కష్టజీవియో, ఎవడు అప్పుచేసి పప్పుకూడు తినువాడో వారికి తెలియును. దయతో నిచ్చినది కొన్నాళ్ళకు తరిగిపోయినది. ఒకరినొకరు ఎఱిగి నిలిచినది పెరిగినది.

మద్రాసు ప్రభుత్వము నియోగింపగా ఫ్రెడరిక్ నికల్సన్ ఇట్టి సంఘములను పరిశీలించి 1895లోను, 1897లోను రెండు సంపుటములుగా నివేదిక సమర్పించెను. 1904లో సహకార ఋణ సంఘముల చట్టము వచ్చినది. మనము నేడు సభ్యులమైన సంఘములకు ఇదియే మూలము.

దీనినిబట్టి తోడు నాలుగు విధములని తెలిసికొనవచ్చును. మొదటిది, లెక్క వినువారి తోడు. రెండవది, ఋణదాతతో మాటాడుటకు వెంట వచ్చువారి తోడు. మూడవది, పనిలో తోడు. కూలికి డబ్బు లేనప్పుడు ఒకరి చేనిలో ఒకరు పనికి పని బదులుగా చేయుట, ఎద్దులను, మందుకొట్టు యంత్రమును ఎరువిచ్చుట. నాలుగవది, చిన్నమొత్తముల పొదుపు పోగుచేసి తక్కువ వడ్డీకి అప్పిచ్చువారి తోడు. డబ్బు ఈ నాలుగింటిలో కడపటిది. మొదటి మూడును లేనిచో నాలుగవది మరియొక అప్పుగానే మిగులును.

3. ఒక కుటుంబపు లెక్క

ఉదాహరణమునకై ఒక శనగరైతు కుటుంబమును ఊహింతము. ప్రోనోటు బాకీ 1,00,000, వడ్డీ నూటికి నెలకు 2 రూపాయలు. ఎరువుల అంగడి బాకీ 60,000, వడ్డీ 3 రూపాయలు. ఇల్లాలి పొదుపు సంఘమున అప్పు 40,000, వడ్డీ 1 రూపాయి. బావమరది ఇచ్చిన చేబదులు 20,000, వడ్డీ లేదు. మొత్తము 2,20,000 రూపాయలు. ఏడాది వడ్డీ 24,000, 21,600, 4,800 కలిసి 50,400. తిండికి, సేద్యమునకు పోను ఆ యింట ఏడాదికి మిగులునది 60,000 అనుకొందము. వడ్డీకే 50,400 పోగా అసలు తగ్గునది 9,600 మాత్రమే. ఈ రైతు కష్టపడుటలేదని ఎవరనగలరు? అతని కష్టమంతయు వడ్డీకి పోవుచున్నది.

ఇప్పుడు పదిమంది కలిసిరి. పొదుపు సంఘమువారు లెక్క చూచి మరి 60,000 రూపాయలు నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చిరి. దానితో అంగడి బాకీ ఆనాడే తీర్చబడెను. ఇద్దరు పెద్దలు రైతువెంట ప్రోనోటుదారునొద్దకు వెళ్ళి, ‘పంట రాగానే ఏటేట ఇంత చెల్లించును, మేము సాక్షులము, వడ్డీ రూపాయికి తగ్గింపుము’ అని యడిగిరి. రానిదానికంటె వచ్చునది మేలని అతడు సమ్మతించెను. బావమరది చివరవరకు ఓపికపట్టెదననెను. ఎవరును ఒక్క రూపాయియైన దానమీయలేదు. అప్పు మొత్తము మునుపటివలెనే 2,20,000. వడ్డీ మాత్రము 50,400 నుండి 24,000 కు దిగెను.

లెక్క సులభముగా నుండుటకై ఏడాదికొకసారి చెల్లింపు జరుగుననుకొందము. మొదటియేట 36,000 అసలునకు చెల్లును. వడ్డీగల బాకీ 1,64,000 మిగులును. రెండవయేటి చివర 1,23,680. మూడవయేటి చివర సుమారు 78,500. నాలుగవయేటి చివర సుమారు 28,000. అయిదవయేట అది తీరి, బావమరది 20,000 లును తీరి, చేతిలో సుమారు 8,700 రూపాయలు మిగులును.

పాతదారినే నడచి అధికవడ్డీ బాకీని మొదట తగ్గించుకొనుచు వచ్చినను, అదే 60,000 ఏటేట చెల్లించినను, అయిదేండ్ల తుదను ఇంకను సుమారు 1,23,000 బాకీ యుండెడిది. నడుమ ఒకయేడు వాన తప్పినచో పాతదారిలో 50,400 వడ్డీ అసలుపై పడును, క్రొత్తదారిలో 24,000. రెండవదానిని ఓర్చుకొనవచ్చును. మొదటిది భూమిని అమ్మించును.

ఏ బాకీ ముందు తీర్పవలెననిన, పెద్ద మొత్తము గలది కాదు, పెద్ద వడ్డీ గలది. వడ్డీలు సమానమైనచో మన చేతులు కట్టునది ముందు. మా అంగడిలో బాకీ యున్నంతకాలము పంట మాకే అమ్మవలెనను షరతుగల అప్పు, వడ్డీతోపాటు ధరలోను కోత పెట్టును. ఆ రెండవ కోత నోటులో కనబడదు.

4. పంటఋణము పైరుకే

సంఘమునుండియు, బ్యాంకునుండియు కిసాన్ క్రెడిట్ కార్డుపై పంటఋణము లభించుచున్నది. ఈ కార్డు 1998లో ఏర్పడినది. 3 లక్షల రూపాయలవరకు పంటఋణమునకు ప్రభుత్వపు వడ్డీ రాయితీతో ఏడాదికి నూటికి 7 రూపాయలు, గడువులోపల చెల్లించినవారికి మరి 3 తగ్గి 4 రూపాయలు మాత్రమే వడ్డీ. లక్షకు ఏడాదికి 4,000. ప్రోనోటుపై అదే లక్షకు 24,000.

ఇది చూచి పంటఋణము తీసికొని పాతబాకీ కట్టుదమని పెక్కురకు తోచును. అట్లు చేయరాదు. విత్తనమునకు, ఎరువునకు, పురుగుమందునకు ఇచ్చిన డబ్బు షావుకారు పెట్టెలోనికి పోయినచో చేను పస్తుండును. పస్తున్న చేను ఏ బాకీని తీర్చలేదు. పాతబాకీ కొంత తగ్గినట్లు కనబడును గాని దాని స్థానమున సంఘపు బాకీ నిలుచును, గడువు దాటి రాయితీయును పోవును. సరియైన క్రమమిది: సంఘపు ఋణముతో పైరు పెట్టవలెను. దానివలన క్రొత్తగా అంగడిలో అధికవడ్డీకి అరువు తెచ్చు పని తప్పును. పంట అమ్మిన డబ్బులో మొదట సంఘపు ఋణము గడువులోపల చెల్లించవలెను. మిగిలినది పాతబాకీకి పోవలెను.

పాతబాకీ తీర్చుటకే వేరుగా ఋణము కావలసినచో ఆ మాటయే స్పష్టముగా చెప్పి యడుగవలెను. ప్రైవేటు ఋణదాతలకు బాకీపడి కష్టములోనున్న రైతులకు బ్యాంకులిచ్చు ఋణమును రిజర్వు బ్యాంకు వ్యవసాయ ఋణముగానే లెక్కించును. 1929లో ఏర్పడిన మద్రాసు కేంద్ర సహకార భూమితనఖా బ్యాంకునకును, దాని క్రిందివాటికిని పాతబాకీల విమోచనమే ముఖ్యమైన పనిగా నుండెను. కావున ఇది క్రొత్త కోరిక కాదు, సిగ్గుపడవలసినదియు కాదు.

గడువును పంటనుబట్టి పెట్టించుకొనవలెను. పులివెందుల వేరుశనగ రైతునకు కార్తీకము, జమ్మలమడుగు శనగ రైతునకు ఫాల్గుణము, ప్రొద్దుటూరు పసుపు రైతునకు చైత్రము అనుకూలము. పాలడబ్బు, కూలిడబ్బు నెలనెల వచ్చును గనుక పొదుపు సంఘపు కంతులకు దానిని కేటాయింపవలెను. వాన తప్పి మూడవవంతు పంటయైనను పోయినట్లు ప్రభుత్వము ప్రకటించినచో, ఋణమునకు గడువు మార్చి యిచ్చు పద్ధతి కలదు. దానికై గడువు దాటకముందే సంఘకార్యదర్శికి వ్రాతమూలకముగా తెలుపవలెను.

5. జామీను నిలుచువారికి

పొరుగువానికి జామీను నిలుచుట గొప్ప తోడు. అయినను కన్నులు మూసికొని చేయవలసిన పని కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టముప్రకారము జామీనుదారు బాధ్యత సాధారణముగా అప్పుదారు బాధ్యతతో సమానము. మొదట అప్పుదారునొద్ద వసూలుచేసి, రానిదే నాయొద్దకు రమ్మని జామీనుదారు అనజాలడు. అందుచే సంతకము చేయుటకు ముందు అప్పుదారు అయిదంశముల కాగితమును చూపుమని యడుగుడు. చూపనివానికి జామీను నిలువకుడు. నిలిచిన పిమ్మట పంటకాలమున అతని చేనివైపు వెళ్ళి చూచుచుండుడు. ధాన్యము ఇల్లు చేరకముందే పలుకరించిన జామీనుదారుడు స్నేహితుడు. గడువు దాటినపిమ్మట కేకలువేయువాడు ఇద్దరిని చెరుపును. తుదకు జామీనుదారే చెల్లింపవలసివచ్చినచో, ఋణదాతకుగల హక్కులు అతనికి సంక్రమించునని ఆ చట్టమే చెప్పుచున్నది, రసీదును భద్రపరుపవలెను.

అప్పుదారు చేయవలసినదియు కలదు. ఎంత చిన్నమొత్తమైనను చెల్లించిననాడే నోటువెనుక చెల్లు వ్రాయించి తానొక రసీదు తీసికొనవలెను. బాకీ పూర్తిగా తీరిననాడు నోటును తిరిగి పుచ్చుకొనవలెను. సాక్షులు ఆనాడును ఉండవలెను. అప్పు వ్రాయునపుడు ఇద్దరు సాక్షులను పిలుచుకొని, తీర్చునపుడు ఒక్కరే వెళ్ళు అలవాటు మనలో చాల నష్టము తెచ్చినది.

6. ఒకే త్రాడు, రెండు పనులు

పదిమంది పూచీ ఎల్లప్పుడును మేలే చేయునని తలపరాదు. బావినుండి నీరు తోడు త్రాడే మెడకు ఉరియును కాగలదు. దీనికి మన రాష్ట్రమే సాక్షి. నెల్లూరు జిల్లాలో 1992 ప్రాంతమున సారా వ్యతిరేకోద్యమము నడిపిన స్త్రీలు, ఆ పిమ్మట దినమునకొక రూపాయి చొప్పున పొదుపుచేసి సంఘములుగా నిలిచిరి. వారి డబ్బు, వారి లెక్క, వారి తీర్మానము. అట్టి సంఘములు తెలుగునాట పల్లెపల్లెకు వ్యాపించినవి. పిమ్మట సూక్ష్మఋణ సంస్థలు కొన్ని ఇదే బృందపూచీని తీసికొని, వారము వారము కంతులతో అప్పులిచ్చినవి. ఒకేయింటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చినవి. ఒక స్త్రీ కంతు కట్టలేనిచో తోటి స్త్రీలనే ఆమె వాకిటికి పంపి నిలదీయించినవి. ఆత్మహత్యలు జరిగినవను వార్తలు వచ్చినవి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, పిమ్మట దానిని చట్టముగా చేసినది. వారపు కంతులకు బదులు నెలసరి కంతులుండవలెననియు, వడ్డీగా వసూలుచేయునది అసలును మించరాదనియు అందు విధించిరి.

బృందము అప్పుడును ఉండెను, ఇప్పుడును ఉన్నది. భేదమెచ్చట? మొదటిదానిలో తోటివారు లెక్క చూచి అప్పు ఇచ్చిరి. రెండవదానిలో లెక్క చూడక ఇచ్చిన అప్పును వసూలుచేయుటకు తోటివారిని వాడుకొనిరి. మన సంఘములలోను ఈ భేదమును మరువరాదు. కంతు తప్పిన సభ్యుని సభలో అవమానించుట వసూలు కాదు. అతడు మరునాడు మరియొకచోట నూటికి అయిదు రూపాయలకు తెచ్చి కట్టును. మన పుస్తకము శుభ్రముగా కనబడును, అతని యిల్లు కూలును.

7. చట్టమును, మాఫీయును

చట్టములు కొన్నికాలములందు రైతును ఆదుకొన్నవి. 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టము, 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని రద్దుచేసి, అసలునకు రెండింతలు చెల్లించినవాని బాకీ పూర్తిగా తీరినట్లే యని విధించెను. 2008లో కేంద్రప్రభుత్వము, 2007 మార్చి 31 వరకు ఇచ్చి గడువు మీరిన వ్యవసాయ ఋణములను చిన్న, సన్నకారు రైతులకు మాఫీచేసెను. కాని అది బ్యాంకులయు సహకార సంఘములయు ఋణములకే. ప్రోనోటు బాకీకి ఎవరును మాఫీ ఈయలేదు. గ్రామీణ ఋణ పరిశీలన సంఘము 1954లో ప్రకటించిన నివేదికలో, 1951–52లో రైతులు తెచ్చిన అప్పులో సహకార సంఘములవి నూటికి 3 రూపాయలే యని, వడ్డీకిచ్చువారివి 70 వరకని తేలినది. సంఘముల పాలు నాటికంటె నేడు ఎంతో పెరిగినను, నూటికి రెండు మూడు రూపాయల నోట్లు మన పల్లెలను విడువలేదు. మాఫీ వచ్చిన సంతోషమే. వచ్చునని గడువు దాటించుట మాత్రము వానవచ్చునని బావి పూడ్చుటవంటిది.

8. అన్నిటికంటె ముఖ్యమైనది

అప్పు మనస్సును నమలును. రైతు సభకు రాకుండుట, అందరిని తప్పించుకొని తిరుగుట, నిద్రలేకుండుట, ఇక నాతో పనిలేదని మాటాడుట—ఈ గుర్తులు కనబడినచో పొరుగువారు ఊరకుండరాదు. ఆనాడే ఇంటికి వెళ్ళి కూర్చుండవలెను, ఒంటరిగా విడువరాదు. ఎందఱకు బాకీయని మొదటనే అడుగనక్కఱలేదు. అన్నము తిన్నావా యని అడిగినను చాలును. మనోవ్యథకు సలహానిచ్చు ప్రభుత్వపు ఉచిత టెలిఫోను 14416 కు రాత్రింబగళ్ళు పిలువవచ్చును. భూమి పోయినను మరల కౌలుకు దొరకును. మనిషి పోయిన యింట అప్పు మిగులును గాని దానిని తీర్చు చేతులు మిగులవు.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మీ యింటి అప్పులను అయిదంశములతో వ్రాయుడు. ఏడాదికి వడ్డీ మాత్రమే ఎంత యగుచున్నది?

2. 50,000 రూపాయల నోటును నూటికి 2 రూపాయల వడ్డీతో రెండుమారులు తిరిగి వ్రాసినచో ఆరేండ్లకు బాకీ యెంత? (జవాబు: 1,47,920 రూపాయలు.)

3. మీ పంట ఏ మాసమున చేతికి వచ్చును? మీ కంతులు ఏ మాసమున నున్నవి? రెండును కలియనిచో ఎవరినడిగి మార్పించుకొనవలెను?

4. మీ సంఘమున ఈ యేడు కంతు తప్పిన సభ్యు లెవరు? వారి యింటికి ఎవరు వెళ్ళి లెక్క విందురు?

కడపటి ప్రశ్నకు పేర్లు నిర్ణయించి, తేదీ వ్రాసికొనినపిమ్మటనే సభను ముగింపుడు.